ఆన్‌లైన్‌లో కొన్న నన్నారి మొక్క: ప్యాకింగ్‌కి ఐదు స్టార్లు, మొక్కకి ఒకటిన్నర

మాది రైల్వే కోడూరు పక్క పల్లె. ఎండలు ముదిరితే మా అవ్వ కొండ నుంచి అమ్మకానికి వచ్చే నన్నారి కొమ్ములు కొనేది. దంచి, లోపలి పుల్ల తీసేసి, పైచెక్కను ఉడకబెట్టి షర్బత్‌కి చక్కెర పాకం కాచేది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా. బాల్కనీలో ఆ మొక్క ఒకటి ఉండాలనిపించి ఒక ఆన్‌లైన్ నర్సరీలో ఆర్డర్ పెట్టాను. మొక్క 240, డెలివరీ 80.

ప్యాకింగ్‌కి వంక పెట్టలేను. వేరు చుట్టూ తడి కొబ్బరిపొట్టు, అట్టపెట్టెకు గాలి ఆడే చిల్లులు. ఐదు రోజులు ప్రయాణం చేసినా ఒక్క ఆకు వాడలేదు. కాకపోతే ఆకులు సన్నగా పొడుగ్గా, మధ్య ఈనె వెంట తెల్ల చారతో ఉన్నాయి. అది సుగంధపాల. పొలం గట్ల మీద, కంచెల్లో అల్లుకునే తీగ. మందుకు మంచిదే గానీ వేరు సన్నటి పుల్లలా ఉంటుంది. మా అవ్వ కాచింది బొటనవేలంత లావుండే మారేడు గడ్డలతో. (పూజకు వాడే మారేడుకూ దీనికీ సంబంధం లేదు, పేరొక్కటే.)

ఫోన్ చేస్తే, "రెండూ నన్నారే మేడం, వేరు గిల్లి వాసన చూడండి" అన్నాడు ఆ అబ్బాయి. వాసన మాట నిజమే. రెండు వేర్లలోనూ ఆ ఘుమఘుమ ఒకే పదార్థానిది, వెనిలా వాసనకు దగ్గరి చుట్టం. కానీ సుగంధపాల దేశంలో చాలాచోట్ల దొరుకుతుంది. మారేడు గడ్డ, అంటే డెకాలెపిస్ హామిల్టోనీ, దక్షిణాది కొండల్లో తప్ప ఎక్కడా తనంతట తాను పెరగదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. షర్బత్‌కి కావలసింది ఆ గడ్డే కాబట్టి, గడ్డపారతో మొత్తం తవ్వేస్తే తీగ అక్కడితో సరి. మళ్ళీ గడ్డ ఊరాలంటే ఏళ్ళు పడుతుంది. నేను మొక్క కొన్నదే ఆ తవ్వకం నా వంతుకైనా తగ్గుతుందని.

ఫొటోలు వాట్సాప్ చేశాక మారు మాట్లాడకుండా వేరే మొక్క పంపారు. ఈసారి అసలుదే, వెడల్పాటి ఆకులు, దిట్టమైన తీగ. కవరు చింపి చూసేసరికి సంతోషమంతా పోయింది. పిడికెడు కొబ్బరిపొట్టులో వేలంత లావు గడ్డ, కొస తెగి ఉంది, చెక్కుకు గులకరాళ్ళతో ఎర్రమట్టి అంటుకుని ఉంది. నర్సరీ కవర్లో పుట్టిన మొక్కకు అంత గడ్డ ఎక్కడిది? కొండ మీద పెళ్ళగించి తెచ్చి కవర్లో గుచ్చారు. తప్పు మొక్క పంపినప్పుడే నయం అనిపించింది.

అదే అడిగాను. పాపం, దాచలేదు. "విత్తనాలు సరిగా మొలవవు మేడం. మొలిచినవి ఈనెపుల్లల్లా ఉంటాయి, గడ్డ కనబడకపోతే కస్టమర్లు ఫేక్ అని రివ్యూ పెడతారు" అన్నాడు. విత్తనం సంగతి అబద్ధం కాదు. కానీ మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు టిష్యూ కల్చర్‌తో, అంటే ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి, ఈ మొక్కను పెంచే పద్ధతులు ఎప్పుడో చూపించారు. దారి లేక కాదు, తవ్వి తేవడం చవక కాబట్టి.

మీరెవరైనా ఈ మొక్క కొనేట్టయితే ధర కంటే ముందు "విత్తనం మొక్కా, కొండ మొక్కా?" అని అడగండి. కవర్లోంచి తీసిన ఫొటో పెట్టమనండి. లావు గడ్డ కనిపిస్తే మురిసిపోకండి.

రెండు నెలలైంది. సుగంధపాల గ్రిల్ అంతా పాకింది. గడ్డ మొక్క ఆకులన్నీ రాల్చి, పోయిన వారం కణుపు దగ్గర ఒక చిగురు పెట్టింది, నీళ్ళు పోయాలన్నా టెన్షన్‌గా ఉంది. డబ్బులు వాపసు ఇస్తామన్నారు, వద్దన్నాను. విత్తనం మొక్క తయారైతే ఈనెపుల్లంత ఉన్నా నాకు చెప్పమన్నాను. నంబర్ రాసుకున్నారు.