పొద్దున కొంటే మంత్రదండం, రాత్రి కొంటే కట్టెపుల్ల

కోటప్పకొండ తిరునాళ్లలో పిల్లలకు బొమ్మ కొనే విషయంలో మా నాన్నగారిది ఒకటే సూత్రం: పొద్దున్నే కొనకూడదు. పొద్దున నోటికొచ్చిన ధర చెప్పిన బూరవాడే, జనం తిరుగుముఖం పట్టేసరికి పిలిచి మరీ సగానికి ఇస్తాడు. ఈ సూత్రం పుణ్యమా అని నేను చిన్నప్పుడు రోజంతా చేతులు ఊపుకుంటూ తిరిగేవాణ్ణి. బూర చేతికి వచ్చేసరికి బస్సులో ఉండేవాళ్లం. ఊదితే పక్కసీటు వాళ్లు కసిరేవాళ్లు.

పోయిన ఏడాది వేసవిలో అమ్మ, నాన్నగారు నరసరావుపేట నుంచి అమెరికాలో, షార్లట్‌లోని మా ఇంటికి వచ్చారు. పిల్లలకు సెలవులు కదా అని అందరం కారులో ఫ్లోరిడాలోని ఓర్లాండో బయలుదేరాం. మూడు రోజులు డిస్నీ వినోద పార్కులు, ఒక రోజు యూనివర్సల్ వాళ్లవి. టికెట్ల ఖర్చు గురించి ఇక్కడ రాయను. అది ముందే కట్టేసి మరిచిపోవలసిన బాధ. లోపల అడుగడుగునా ఎదురయ్యే దుకాణాల సంగతే చెబుతాను. ఏది కొంటే డబ్బుకు తగ్గట్టు, ఏది కొంటే దండగ అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని వాదన. నా మట్టుకు నేను ఒక నిర్ణయానికి వచ్చాను: వస్తువు ధర కన్నా దాన్ని కొన్న వేళ ముఖ్యం. అక్కడ పొద్దున ఎంతో రాత్రీ అంతే, బేరం లేదు. ఆగినందువల్ల పైసా మిగలదు, ఆడుకునే గంటలు మాత్రం పోతాయి. కాబట్టి నాన్నగారి సూత్రాన్ని అక్కడ తలకిందులు చేయాలి. కొంటే పొద్దున్నే కొనాలి, లేకపోతే ఊరుకోవాలి.

ఒకే ధర, రెండు దండాలు

ఇది మాకు యూనివర్సల్‌లో తెలిసివచ్చింది. అక్కడ హ్యారీ పాటర్ మాంత్రిక కథల లోకంగా కట్టిన వీధులు రెండు పార్కుల్లో ఉన్నాయి. హాగ్స్‌మీడ్ 2010లో, డయాగన్ ఆలీ 2014లో తెరిచారు. రెండోది తెరిచినప్పటి నుంచి ‘పనిచేసే’ మంత్రదండాలు అమ్ముతున్నారు. మేం కొన్న రకంలో బ్యాటరీ లేదు. కొసన చిన్న పూస లాంటిది ఉంటుంది, అది కంటికి కనిపించని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. దుకాణాల అద్దాల వెనక దాచిన కెమెరా ఆ మెరుపు కదలికను పసిగడుతుంది. వీధిలో నేల మీద అక్కడక్కడా ఇత్తడి రంగు బిళ్లలు పొదిగి ఉంటాయి. ఎక్కడ నిలబడాలో, దండాన్ని గాలిలో ఏ గీతలా తిప్పాలో వాటి మీదే చెక్కి ఉంటుంది. సరిగా తిప్పితే అద్దం వెనక బొమ్మ కదులుతుంది, ఫౌంటెన్ నీళ్లు చిమ్ముతుంది.

మా తొమ్మిదేళ్ల అబ్బాయి పొద్దున పదింటికే దండం కావాలని పేచీ పెట్టాడు. అరవై డాలర్ల పైచిలుకు. లేబుల్ మీద ధరకు ఆరెంజ్ కౌంటీలో ఆరున్నర శాతం అమ్మకం పన్ను అదనం. నాన్నగారు బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి రిటైరయ్యారు, రూపాయల్లోకి మార్చే ఆ గుణకారం ఆయనకు క్షణం పని. “ఐదు వేలు దాటిందిరా, కట్టెపుల్లకి!” అన్నారు. అయినా కొన్నాం.

మొదటి బిళ్ల దగ్గర వాడు పది నిమిషాలు తంటాలు పడ్డాడు. భుజం మొత్తం ఊపేస్తున్నాడు. నల్లటి అంగీ వేసుకున్న ఉద్యోగిని ఒకావిడ వచ్చి, వాడి మోచేయి పట్టుకుని కదలకుండా ఆపి, మణికట్టు ఒక్కటే తిప్పమంది. రెండోసారికి నీళ్లు చిమ్మాయి, తాతయ్య కళ్లజోడు తడిసింది. అక్కడి నుంచి సాయంత్రం దాకా పటం పట్టుకుని ఒక్కో బిళ్లనూ వెతుక్కుంటూ తిరిగాడు. మిగతావాళ్లం రైడ్ల దగ్గర గంటేసి క్యూలో నిలబడ్డాం గానీ వాడికి రోజంతా పనే.

మా ఆరేళ్ల అమ్మాయి పొద్దున వద్దంది. రాత్రి ఎనిమిదింటికి, బయటికి నడుస్తుండగా, అన్నయ్య చేతిలో ఉన్నదే తనకూ కావాలని ఏడుపు అందుకుంది. అలసిపోయి ఉన్నాం, కొనిచ్చేశాం. అలాంటి పెట్టే, అదే ధర. ఆ దండం ఒక్క అద్దం ముందు కూడా ఊగలేదు. కారులో పెట్టె తెరిచి ఒకసారి చూసుకుని నిద్రపోయింది. ఇప్పుడు దానితో బొమ్మలకు పాఠాలు చెబుతోంది. ఆ పనికి చీపురుపుల్ల చాలు. 2025లో, యూనివర్సల్ వాళ్లు ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కు తెరిచిన ఏడాది, వెలుగుతూ, చేతిలో అదిరే కొత్త రకం వచ్చింది, అది ఇంకా ఖరీదు. దానికీ ఇదే లెక్క: గేటు తీసిన గంటలోపు కొంటే కొనండి.

దండమా, లైట్‌సేబరా?

డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్‌లో స్టార్ వార్స్ అంతరిక్ష సినిమాల ప్రాంతం 2019లో మొదలైంది. అక్కడ సావీస్ వర్క్‌షాప్ అనే చోట ముందుగా సమయం బుక్ చేసుకుంటే ఆ సినిమాల్లోని వెలుగు కత్తి, లైట్‌సేబర్‌ను మన చేత్తోనే బిగించుకోవచ్చు. మొదలైనప్పుడే దాని ధర 200 డాలర్లు, తరువాత ఇంకా పెరిగింది. తలుపులు మూసి, దీపాలు తగ్గించి, సంగీతంతో, ఒక పెద్దమనిషి పురాణం చెబుతున్నట్టు చెబుతుంటే పిడి ముక్కలు ఏరుకుని బిగిస్తారు. చివర్లో అందరివీ ఒక్కసారిగా వెలుగుతాయి. చూసినవాళ్లెవరూ దాన్ని తక్కువ చేసి మాట్లాడరు. మా బావమరిది కళ్లు తుడుచుకున్నాడు, వాడికి నలభై రెండేళ్లు.

అయితే బయటికి వచ్చాక దానితో ఏం చేస్తాం? పార్కులో ఊపకూడదు, సంచిలో పెట్టుకుని మోయాలి. అంటే కత్తికి కాదు, ఆ ఇరవై నిమిషాల నాటకానికి డబ్బు కట్టినట్టు. నాటకం టికెట్టుతో పాటు కత్తి ఉచితం అనుకోగలిగేవాళ్లు కొనండి. ఆ కథలతో పెరగని పిల్లలకు కొనిస్తే ఇంటికి వచ్చాక గోడ మూలన నిలబడుతుంది. అదే పార్కులో మరో దుకాణంలో ప్లాస్టిక్ ముక్కలతో కూర్చుకునేది చాలా తక్కువకు దొరుకుతుంది, పదేళ్లలోపు పిల్లలకు నా ఓటు దానికే. విమానంలో వెళ్లేవాళ్లకు ఒక మాట: బొమ్మ లైట్‌సేబర్‌ను చేతి సామానులో తీసుకెళ్లడానికి అమెరికా విమాన భద్రతావాళ్లు అభ్యంతరం చెప్పరు.

దండంతో పోలిస్తే? అరవై డాలర్లకు తొమ్మిది గంటలు ఒకవైపు, రెండొందల పైచిలుకుకు ఇరవై నిమిషాలు మరోవైపు. పిల్లలైతే దండం. పెద్దవాళ్లైతే వాళ్ల ఇష్టం, వాళ్ల కార్డు.

చెవులు ఎక్కడ కొనాలి?

మిక్కీ చెవుల హెడ్‌బ్యాండు లోపల ముప్పై అయిదు డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. అచ్చం అలాంటివి బయట అందులో మూడో వంతుకే దొరుకుతాయి. ఇక్కడ నేను బయటి పక్షమే, కానీ ఇంటి దగ్గరే ముందుగా కొనుక్కోవాలి. దారిలో హైవే పక్క కొట్టులో కొన్నవి మెరుపు రాల్చుకుంటూ వచ్చాయి. ఆ తళుకు ఇప్పటికీ మా కారు సీట్లలో ఉంది, బహుశా కారు అమ్మేదాకా ఉంటుంది. ఎక్కడ కొన్నా ఒకటి మాత్రం ఖాయం: హెడ్‌బ్యాండు చెవుల వెనక నొక్కుతుంది, మధ్యాహ్నానికి అవి పిల్లల తల మీద కాకుండా నాయనమ్మ సంచిలో ఉంటాయి. అందుకే దానికి ముప్పై అయిదు పెట్టడం నాకు నచ్చలేదు.

లోపలే కొనదగింది మిక్కీ చెవులున్న పాతకాలపు నల్ల టోపీ. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచిన తొలి ఏళ్ల నుంచి అమ్ముతున్నారు, వెనక పేరు కుట్టిస్తారు. మా అమ్మాయి పేరు అక్షరం అక్షరం చెప్పి కుట్టించాం. పేరున్న వస్తువును పిల్లలు పారేయరు, తోబుట్టువులు లాక్కోరు.

పాప్‌కార్న్ బకెట్టు గురించి రెండు మాటలు చాలు. మొదటిసారి పది డాలర్ల పైన తీసుకుంటారు, తరువాత ఉన్నన్ని రోజులూ చాలా తక్కువకు నింపుతారు. శాకాహారులైన అమ్మానాన్నలకు ప్రతి పూటా ఏం పెట్టాలా అని వెతుక్కునే చోట అది ఆదుకుంది. మొదటి రోజు కొంటే లాభం, చివరి రోజు కొంటే నష్టం. ఇప్పుడు మా వంటింట్లో కందిపప్పు అందులోనే పోస్తున్నాం. చేతికి కట్టుకునే మ్యాజిక్‌బ్యాండ్ మాత్రం మాకు అనవసరం అనిపించింది. గేటు దగ్గర అది చేసే పని ఫోను ఊరికే చేస్తుంది.

పిన్నులా, నొక్కిన నాణేలా?

మా ఇంట్లో అసలు పోటీ ఈ రెంటికీ.

డిస్నీ వరల్డ్‌లో పిన్నులు మార్చుకునే ఆట 1999లో మొదలైంది. సిబ్బందిలో కొందరు మెడలో పట్టీ నిండా పిన్నులు గుచ్చుకుని ఉంటారు. మన దగ్గరున్న అసలు డిస్నీ పిన్ను ఇచ్చి వాళ్ల పట్టీలోంచి నచ్చింది తీసుకోవచ్చు. ఒక్కొక్కరి దగ్గర రోజుకు రెండు. పరాయివాళ్లు పలకరిస్తే నా వెనక దాక్కునే మా అమ్మాయి, నాలుగు పిన్నులతో మొదలుపెట్టి మూడో రోజుకు తానే వెళ్లి “ఇది ఇస్తా, అది ఇస్తారా?” అని అడిగే స్థాయికి వచ్చింది. ఆ ఒక్క మార్పు కోసమే పిన్నులను నేను వెనకేసుకొస్తాను. కానీ కొత్త పిన్ను ఒక్కోటి పదిహేను డాలర్ల చుట్టూ ఉంటుంది, చిన్న సెట్టు కొంటేనే నలభై దాటుతుంది. ఇంటర్నెట్లో కిలోల లెక్కన చవకగా అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ. అంచులు గరుకుగా, రంగు గుంటలు పడి ఉంటాయి. అవి తెచ్చి అసలువాటితో మార్చుకోవడం పక్కవాడి పిల్లలను మోసం చేయడమే.

నాణేల యంత్రానికి ఈ గొడవలేవీ లేవు. ఒక సెంటు నాణెం వేసి పిడి తిప్పితే, రెండు ఉక్కు రోలర్ల మధ్య నలిగి, కోలగా సాగి, మీద బొమ్మ అచ్చుపడి బయటికి వస్తుంది. ఈ సరదా 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శన కాలం నుంచీ ఉంది. చాలా ఏళ్లు 51 సెంట్లే: రెండు పావు డాలర్లు, ఒక సెంటు. ఇప్పుడు చాలా యంత్రాలు కార్డు తీసుకుని, నాణెం తామే వేసుకుని డాలరు పట్టుకుంటున్నాయి. పిడి తిప్పే పాత యంత్రం కనిపిస్తే వదలకండి.

నాన్నగారు పాత యంత్రం ముందు నిలబడి జేబులో చిల్లర అరచేతిలో పోసుకుని ఒక్కో సెంటునూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడడం మొదలుపెట్టారు. వెనక క్యూ పెరుగుతోంది. “కానివ్వండి నాన్నగారూ” అన్నాను. “ఆగరా, ఇది బరువు వేరుగా ఉంది” అన్నారు. ముప్పై నాలుగేళ్లు నాణేలు లెక్కపెట్టిన వేళ్లు కదా! ఆ నాణెం మీద సంవత్సరం 1979. ఇంకొకటి తీశారు, 1996. రెండూ నొక్కించారు. 1979ది తాంబాళంలా ఎర్రగా, నున్నగా వచ్చింది. రెండోదాని మీద బూడిద రంగు చారలు. నేను ఫోనులో వెతికి చూస్తే సంగతి అదే: 1982లో అమెరికా సెంటును రాగి నుంచి జింకుకు మార్చింది. పైన రాగి పూత మాత్రమే. నొక్కితే పూత సాగి పగిలి లోపలి జింకు బయటపడుతుంది. క్యూలో వెనకనున్న ఆయన ఇదంతా చూసి తన చిల్లర కూడా తీసి నాన్నగారి చేతిలో పోశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. నాణేలు ఏరుతూ ఐదు నిమిషాలు గడిపారు.

ఆ నాలుగు రోజుల్లో పెట్టిన ఖర్చులో అంత చవక సరదా ఇంకొకటి లేదు. దానికి దగ్గరగా వచ్చింది మ్యాజిక్ కింగ్‌డమ్‌లో నల్ల కాగితంతో కత్తిరించే నీడబొమ్మ. పక్కకు తిరిగి కూర్చుంటే, గీత కూడా గీయకుండా కత్తెర ఒక్కదానితో నిమిషంలో ముఖం కత్తిరించి ఇస్తారు. అమ్మది కత్తిరించేటప్పుడు ఆ కళాకారిణి ముక్కు దాకా చకచకా వచ్చి, కొప్పు దగ్గర ఆగి, మెడ మీదికి జారిన రెండు వెంట్రుకలను కూడా కత్తెర కొసతో పైకి తేల్చింది. దుకాణంలో ఎన్ని వేల బొమ్మలున్నా అందులో అమ్మ కొప్పు ఉండదు.

ఇక ఊళ్లో పంచిపెట్టడానికి కొనేవి. వాటిని పార్కు లోపల అసలు కొనకండి. ఓర్లాండో అవుట్‌లెట్ మాల్స్‌లో డిస్నీ క్యారెక్టర్ వేర్‌హౌస్ అని ఉంది, పార్కుల్లో మిగిలిపోయిన సరుకు అక్కడ బాగా తగ్గించి అమ్ముతారు. సైజులు కుదరవు, దొరికితే దొరికినట్టు, కొన్నిటి మీద పోయిన సంవత్సరం అంకె ఉంటుంది. నరసరావుపేటలో ఆ అంకె ఎవరూ చూడరు. అమ్మ అయితే ఆ మాట కూడా ఒప్పుకోలేదు. మిక్కీ బొమ్మ కన్నా రెండు కిలోల బాదంపప్పు ఇస్తే చుట్టాలు సంతోషిస్తారంది. పెట్టెలో చోటు చూస్తే ఆమె చెప్పిందే నిజం.

ఈ డిసెంబరులో మళ్లీ వెళ్తున్నాం. అబ్బాయి దండం అలమరలోంచి తీసి ఇప్పటికే సంచిలో పెట్టుకున్నాడు, ఈసారి దానికి పైసా ఖర్చు లేదు. చెల్లెలి దండానికి కూడా మొదటిసారి పని దొరుకుతుంది. 2025 నవంబరులో అమెరికా చలామణి కోసం సెంట్లు ముద్రించడం ఆపేసిందని వార్త చదివి నాన్నగారు రాత్రికి రాత్రే ఫోను చేశారు. నేను ఇంటి ఖర్చుల సంగతి మొదలుపెట్టేలోపే అడ్డుకున్నారు. “అవన్నీ తరువాత. చిల్లర డబ్బా దగ్గర పెట్టుకో. 1982కు ముందువి ఎన్ని ఉన్నాయో చదువు, నేను రాసుకుంటాను.”