బబుల్ ఎయిర్ బెడ్: కదల్లేని మనిషి ఇంట్లో ఉంటే కొనండి

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో దొరికే, చిన్న మోటారుతో గాలి నిండే బెడ్ ఇది. మా చిన్నాయన తాటిచెట్టు మీద మోకు జారి పడ్డాడు, వెన్నుపూస విరిగి నడుం కింద స్పర్శ పోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు వీల్‌చైర్ కంటే ముందు ఇదే కొనమన్నారు.

ఎందుకంటే ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు ఇంటికొచ్చాక పోయేది చాలావరకు ఆ దెబ్బతో కాదు. ఒత్తుకుపోయి పడ్డ పుండు చీము పట్టడం, మూత్రం ఇన్ఫెక్షన్ కిడ్నీలదాకా పాకడం, నిమోనియా, ఇవీ ప్రాణం తీసేవి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు తొందరగా చనిపోయే ప్రమాదం 2 నుంచి 5 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, పేద దేశాల్లో మరీ ఘోరం. చూసుకునేవాళ్లుంటే మాత్రం బతుకు చాలా ఉంది. 1965లో ఎవరెస్ట్ ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి వీల్‌చైర్‌కు పరిమితమైన మేజర్ అహ్లువాలియా ఢిల్లీలో వెన్నుపాము ఆసుపత్రే పెట్టారు, 2022లో 85 ఏళ్ల వయసులో పోయారు. చిన్నాయన దిగులుపడ్డప్పుడల్లా ఆయన సంగతి చెప్తుంటాం.

బెడ్ సంగతికొస్తే, కొన్ని బుడగల్లో గాలి నిండుతుంటే పక్కవాటిలో తగ్గుతుంది, కాసేపటికి మారుతుంది, అందుకని బరువంతా ఒకేచోట ఆగదు. చప్పుడు తక్కువే. పైన పల్చటి దుప్పటి ఒక్కటే వేయాలి, మా చిన్నమ్మ మెత్తగా ఉంటుందని బొంత పరిస్తే నర్సమ్మ తీయించింది. రోజూ తుంటి దగ్గర బెడ్ కింద అరచెయ్యి పెట్టి చూడండి, ఎముక తగిలిందంటే గాలి చాలట్లేదు.

కరెంటు పోతే గాలి దిగిపోతుంది, ఎండాకాలం గాలిదుమారాలకు ఊళ్లల్లో సంగతి తెలిసిందే, ఇన్వర్టర్ తప్పనిసరి. చెమట కూడా బాగా పడుతుంది. మంచం చువ్వ గీరుకొని చిల్లి పడితే షాపాయన మార్చి ఇవ్వలేదు, అందుకే బిల్లు అడిగి తీసుకోండి.

బెడ్ ఉంది కదా అని పక్కకు తిప్పడం మాత్రం మానొద్దు. 1944లో ఇంగ్లండ్‌లో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్కకు తిప్పించి, ఇలాంటి దెబ్బ తగిలిన సైనికులను బతికించాడు. మేమూ అంతే, తిప్పినప్పుడల్లా పుండు మొదలవుతోందేమోనని టార్చి వేసి చర్మం చూస్తాం. నల్లని ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనబడదు, వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి.

మాకు 3 వేల లోపే పడింది. షాపులోనే మోటారు పెట్టించి, గాలి నిలుస్తుందో లేదో చూసుకొనే తెచ్చుకోండి.