ఎదురు నీళ్ళను ఆపే నాలుగంగుళాల ఫ్లాప్ వాల్వు: ఏ ఇంటికి, ఏ లైనుకు?

నాలుగంగుళాల పీవీసీ ఫ్లాప్ వాల్వు చేసే పని ఒక్కటే. ఇంట్లో వాడిన నీళ్ళను సైడు కాలవలోకి పోనిస్తుంది, కాలవ నీళ్ళు ఎదురెక్కితే తలుపు మూస్తుంది. వాయుగుండం పట్టిన రోజున బాత్రూము జాలీలోంచి నల్లనీళ్ళు గుడగుడమని పైకొచ్చే ఇళ్ళకు ఇది కొనదగ్గ వస్తువే. కానీ పెట్టించుకుని కూడా లాభం లేదనేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో వాల్వు బాగానే పనిచేస్తుంటుంది. వెయ్యకూడని లైనులో వేయడంతో వస్తుంది చిక్కంతా.

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఆ రోజుల్లోనే పెన్నా మీది సోమశిల జలాశయం నిండుగా ఉంటుంది, చెరువులు అలుగు పారుతుంటాయి, ఊరి మధ్యగా పోయే జాఫర్ సాహెబ్ కాలవ, సర్వేపల్లి కాలవ ఒడ్లు తాకుతుంటాయి. పెద్ద కాలవ నిండితే వీధి కాలవకు దిగే దారి లేదు, అక్కడే నిలబడి వెనక్కి తంతుంది. ఒంగోలులో పోతురాజు కాలవ పొంగినా జరిగేది ఇదే. దీనికి తోడు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తూ పోవడంతో ఒకప్పుడు మెరకలో కట్టిన ఇళ్ళు కూడా పల్లంలో పడ్డాయి.

వాల్వు అవసరమా కాదా అన్నది కొనకముందే తేల్చుకోవచ్చు. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు ట్యూబులో నీళ్ళు నింపి, ఒక కొస సైడు కాలవ పై అంచు దగ్గర, రెండో కొస కింది వాటా బాత్రూము నేల దగ్గర పెట్టి చూడాలి. పోయిన వానల్లో రోడ్డు మీద నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో గోడ మీద చార ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోవడం ఇంకా మేలు. ఆ గుర్తు కంటే బాత్రూము నేల అర అడుగు పైనే ఉంటే డబ్బు దండగ. సమానంగానో కిందనో ఉంటే వాల్వు కావాలి. గుర్తు గడప కంటే పైకి పోతే వాల్వు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగి, పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి వరద పైపు కోసం వెతుక్కోదు, గేటులోంచే వస్తుంది.

షాపులో ముందు చేతిలో పెట్టేది మోటారు లైనుకు వేసే స్ప్రింగు ఎన్నార్వీ, అంటే నీళ్ళను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు. అది మంచినీళ్ళకు. మురుగులో వేస్తే పలచగా పారే నీళ్ళకు స్ప్రింగు తెరుచుకోదు, తెరుచుకున్నా వెంట్రుకలు చుట్టుకుంటాయి. రెండోది పైపు కొసకు తగిలించే రబ్బరు మూత. చవక, పావుగంటలో బిగించుకోవచ్చు, కానీ కాలవలోనే వేలాడుతుంది కాబట్టి పూడిక తీసేటప్పుడు పార తగిలి తెగుతుంది. కాలవ అడుగున మట్టి పైపు మట్టం దాటితే ఇక తెరుచుకోదు. తీసుకోవలసింది మూడోది: లైను మధ్యలో కూర్చునే 110 ఎం.ఎం. వాల్వు, పైన స్క్రూలతో ఊడదీసే మూత ఉన్నది. చేత్తో తిప్పి తాళం వేసే లీవరు కూడా ఉంటే ఊరికి వెళ్ళేటప్పుడు పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. ఈ వాల్వు కింది వాటా లైనుకు మాత్రమే వెయ్యాలి. డాబా మీది వాన నీళ్ళ గొట్టం, పై అంతస్తు బాత్రూముల లైను, కింది వాటా లైను అన్నీ ఒకే చాంబరులో కలిపి, ఆ చాంబరు బయట వాల్వు బిగించడం మామూలుగా జరిగే పని. బయట కాలవ నిండి వాల్వు మూసుకున్నాక పైవాళ్ళు పోసుకున్న స్నానం నీళ్ళు ఎక్కడికి పోతాయి? కింది వాటా జాలీలోంచి పైకొస్తాయి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 9,300 లీటర్ల దాకా నీళ్ళు. అవన్నీ కింది వాటా నేల మీదకే. కాలవ నీళ్ళను ఆపి సొంత నీళ్ళతో ఇల్లు ముంచుకోవడమే ఇది.

పై అంతస్తు లైనును, డాబా గొట్టాన్ని వాల్వు దాటాక కలిపితే ఈ బాధ లేదు. అవి పది, పన్నెండు అడుగుల ఎత్తు నుంచి వస్తాయి కనుక కాలవ నిండి ఉన్నా తమ బరువుతోనే తోసుకుని పోతాయి. ఒక్క జాగ్రత్త: వాల్వు దాటాక ఆ లైను మీద వాకిట్లో జాలీ గానీ, వదులు మూత చాంబరు గానీ ఉండకూడదు. ఉంటే కాలవ నీళ్ళు అందులోంచి వాకిట్లోకి వస్తాయి. ఆ చాంబరు మూతను రబ్బరు వేసి బిగించాలి.

బిగించే పని ప్లంబరుకు ఒక పూట, మేస్త్రీకి ఒక రోజు. కాంపౌండు గోడ లోపల రెండడుగుల చదరం ఇటుక చాంబరు కట్టి వాల్వును అందులో కూర్చోబెట్టాలి. మట్టిలో పూడ్చేస్తే మళ్ళీ మూత తీసేదెవరు? బాణం గుర్తు కాలవ వైపు చూడాలి. లైనుకు వాలు పది అడుగులకు రెండంగుళాలు చాలు, వాల్వు మాత్రం మట్టంగా కూర్చోవాలి. పక్కకు ఒరిగితే ఫ్లాపు ఒక అంచునే ఆనుతుంది. రెండు వైపులా సొల్యూషన్‌తో అతికించకుండా రబ్బరు రింగు కప్లర్లు వేయించండి, రేపు ఊడదీయాలన్నా పైపు కొయ్యక్కర్లేదు. సెప్టిక్ ట్యాంకు ఉంటే దాని బయటి పైపు మీదే వాల్వు. పని అయ్యాక లోపలి నుంచి ఒక బకెట్టు నీళ్ళు వదిలి తెరుచుకుందో చూడండి. తర్వాత కాలవ వైపు నుంచి గొట్టంతో నీళ్ళు ఎదురు పెట్టి, మూత తీసి, లోపలి వైపు ఊట ఉందేమో వేలితో తడిమి చూడండి.

పాడయ్యేది ఎప్పుడూ ఫ్లాపు అంచు దగ్గరే. నూనె జిడ్డు, షాంపూ ప్యాకెట్టు ముక్క, అన్నిటికన్నా ముఖ్యంగా చేప పొలుసు. నెల్లూరులో పులుసు మానమని ఎవరూ చెప్పలేరు గానీ, చేపలు కడిగే తొట్టి కింద సన్న జాలీ వెయ్యడం మాత్రం తప్పదు. అంచు కింద చిన్న ముక్క ఇరుక్కున్నా వాల్వు సగం తెరిచినట్టే. కార్తెలు చూసుకునేవాళ్ళకు తేలిక గుర్తు: చిత్త కార్తెలో (అక్టోబరు మధ్యలో) ఒకసారి మూత తీసి, వేడినీళ్ళు, సబ్బు, పాత టూత్‌బ్రష్షుతో అంచు చుట్టూ కడగాలి. విశాఖ కార్తెలో (నవంబరు మధ్యలో) ఇంకోసారి. యాసిడ్ పోస్తే రబ్బరు గట్టిపడి చిట్లుతుంది.

మూసుకుని ఉన్నన్నాళ్ళూ కింది వాటా నీళ్ళకు దారి ఉండదు, ఇది ఏ కంపెనీ వాల్వుకైనా తప్పదు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురికి 540 లీటర్లు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న చిన్న సంపు 760 లీటర్లు పడుతుంది. వాల్వుకు ముందు అది ఉంటే, అర హెచ్‌పీ మడ్ పంపు ఫ్లోటు స్విచ్చితో (నీళ్ళు పెరగగానే తానే ఆన్ అయ్యేది) పెట్టి పైపును రోడ్డు మీది నీటి మట్టం కంటే పైన వదలవచ్చు. కరెంటు పోయినప్పుడు చిన్న ఇన్వర్టరు ఈ మోటారు స్టార్టింగును మొయ్యదు, ట్రిప్ అవుతుంది. తడిలో వాడే మోటారు కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) లేని లైనుకు తగిలించకండి.

బయటి కాలవలో మట్టి పైపు మట్టానికి వచ్చి ఉంటే ఈ ఖర్చంతా వృథా, ముందు పూడిక తీయించాలి. తీసిన మట్టిని కాలవ ఒడ్డునే వదిలేస్తే వచ్చే వానకు అది మళ్ళీ లోపలే ఉంటుంది, అదే రోజు బండెక్కించమని పట్టుబట్టండి. గేటు ముందు కాలవ మీద ఒకే రాయిగా పోసిన కాంక్రీటు ర్యాంపు కింద పార ఆడదు. రెండడుగుల ముక్కలుగా, ఎత్తడానికి రింగులు పెట్టి పోయించుకోవాలి.

ఈ వాల్వుకు ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వవచ్చు. ఆ ఒకటి తగ్గేది విడి రబ్బరు దొరక్కే. చాలా షాపుల్లో వాల్వు ఉంటుంది, దాని రబ్బరు విడిగా అడిగితే కొత్త వాల్వు కొనమంటారు. కొనే రోజే ఒక రబ్బరు అదనంగా ఇవ్వగలిగిన షాపులోనే తీసుకోండి, దాన్ని ఎండ తగలకుండా కవరులో చుట్టి దాచండి.