సెమినార్ రికార్డింగ్ కిట్ కొంటున్నారా? మెమరీ కార్డు దగ్గర జాగ్రత్త

విశాఖలో కాలేజీ సెమినార్లు, కోచింగ్ క్లాసులు రికార్డు చేసేవాళ్లందరికీ హెచ్చరిక. రెండు వైర్‌లెస్ కాలర్ మైకులు, కెమెరా లేదా ల్యాప్‌టాప్ తెర మీది బొమ్మని కంప్యూటర్‌లో రికార్డు చేయించే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు, 256 జీబీ మెమరీ కార్డు అన్నీ కలిపి నాలుగు వేల లోపే అంటూ ఊళ్లో ఓ షాపులో అంటగడుతున్న కిట్ దయచేసి కొనకండి. ఆన్‌లైన్‌లో దొరికే పేరూ ఊరూ లేని కిట్లదీ ఇదే కథ.

అన్నిటికంటే ప్రమాదం మెమరీ కార్డు. లోపలున్నది 32 జీబీ చిప్పే. 256 అని చూపించేలా కార్డుని నడిపే కంట్రోలర్ అనే లోపలి భాగాన్ని మార్చేశారు, ఫార్మాట్ చేసినా అంతే చూపిస్తుంది. 32 దాటాక రాసినదంతా పోతుంది, లేదా పొద్దున తీసినదాని మీదే పడి దాన్నీ చెరిపేస్తుంది. కెమెరా మాత్రం ఆగదు, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. ఫైలు పేరు, సైజు సరిగ్గానే కనిపిస్తాయి, తెరిస్తే వీడియో రాదు. ఫుల్ హెచ్‌డీ వీడియోని 16 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 16 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకి 7.2 జీబీ. అంటే నాలుగు గంటల పైచిలుకు దాకా ఏ తేడా తెలియదు. అరగంట ట్రయల్ తీసి బాగుందనుకున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే. వచ్చిన వక్తని మళ్లీ పిలిచి మాట్లాడించలేం కదా!

విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఖాళీ కార్డుని పూర్తిగా నింపి, తిరిగి చదివి సరిచూస్తాయి. సెకనుకి 20 ఎంబీ రాసే కార్డైతే 128 జీబీ నింపడానికే గంటా ముప్పావు, చదవడానికి ఇంకొంత. కౌంటర్ దగ్గర నిలబడి చేసే పని కాదు. అందుకే కెపాసిటీ తక్కువ తేలితే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీదే రాయించుకోండి. రాయమంటే రాయనంటే కొనకుండా వచ్చేయండి.

ఇక మైకులు. డబ్బా మీద 100 మీటర్లు అని ఉంటుంది, అది అడ్డేమీ లేని ఖాళీ మైదానంలో మాట. ఇవి వాడేది 2.4 గిగాహెర్ట్జ్, హాల్లోని వైఫై, బ్లూటూత్‌ల రద్దీ కూడా అందులోనే. పైగా మనిషి ఒళ్లు ఆ సిగ్నల్‌ని పీల్చేస్తుంది. లెక్చరర్ బోర్డు వైపు తిరగ్గానే మాట తెగేది అందుకే. షాపులో మైకు చొక్కాకి పెట్టుకుని, రిసీవర్‌కి వీపు తిప్పి, ఇరవై అడుగులు నడుస్తూ ఒకటి నుంచి యాభై దాకా లెక్కపెట్టండి. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఏ అంకె మింగేసిందో తెలిసిపోతుంది. నాయిస్ తగ్గించే బటన్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి వినండి. మన ఊరి ఉక్కపోతలో ఫ్యాన్లు ఆపలేం. ఈ చౌక మైకుల్లో ఆ బటన్ ఫ్యాన్ చప్పుడుతో పాటు పదాల చివరి అక్షరాల్నీ తినేస్తుంది.

మైకు సౌండ్‌ని కెమెరాకో ఫోనుకో ఇచ్చే వైరు పిన్ను కూడా చూడండి. రెండు నల్లగీతలుంటే కెమెరాకి, మూడుంటే ఫోనుకి. తప్పు పిన్ను పెడితే సౌండే రాకపోవచ్చు.

క్యాప్చర్ కార్డు మీద 4కే అని ఉన్నా, అది తీసుకునే సిగ్నల్ సంగతి. కంప్యూటర్‌కి ఇచ్చేది 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ, సెకనుకి 30 ఫ్రేములు. స్లైడ్లకి అది చాలు గానీ 4కే ధర మాత్రం ఇవ్వకండి.

తక్కువలో కావాలంటే వైరు మైకే నయం. బోయా బీవై-ఎం1 లాంటిదానికి 6 మీటర్ల వైరు, ఫోనుకీ కెమెరాకీ మార్చుకునే స్విచ్చు ఉంటాయి. కెమెరాకి పెట్టినప్పుడు ఎల్‌ఆర్44 బటన్ సెల్లు కావాలి. పని అయ్యాక సెల్లు తీసేయండి, సముద్రపు గాలికి లోపలి రేకులు చిలుం పడతాయి. టైప్-సీ మాత్రమే ఉన్న ఫోనుకైతే మైకుని కూడా తీసుకునే కన్వర్టర్ అడగండి. పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చేవీ అమ్ముతారు. కెమెరా సౌండ్‌ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇంకో ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పోడియం మీద రికార్డింగ్‌లో ఉంచండి. 256 జీబీ కార్డు ఒకటి కాకుండా పేరున్న కంపెనీ 64 జీబీ కార్డులు రెండు కొని, భోజనాల విరామంలో మార్చండి.

ఇప్పటికే ఈ కిట్ కొన్నవాళ్లు కార్డు టెస్ట్ ఫలితం స్క్రీన్‌షాట్, బిల్లు, డబ్బా ఫోటో దగ్గర పెట్టుకుని ముందు షాపువాళ్లని అడగండి. కుదరదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.