స్నాపింగ్ తాబేలు వేట: మావు వలా, గాలమా, చెయ్యా?

అమెరికాలోని విస్కాన్సిన్‌లో జులై 15 వచ్చిందంటే మా పక్కింటి పెద్దాయన గ్యారేజీలోంచి ఇనుప రింగుల వలలు బయటికి లాగుతాడు. అవి చేపలకు కాదు, స్నాపింగ్ తాబేళ్లకు, అంటే అక్కడి నీళ్లలో ఉండే కరిచే తాబేళ్లకు. అక్కడ నవంబర్ 30 దాకా వాటి వేటకు సీజన్. మొదటి ఏడాది ఆయన వెంట వెళ్లొచ్చి, ఊరుకోలేక అమ్మకు ఫోన్‌లో చెప్పాను. మాది శ్రీకాకుళం వైపు. "ఏట్రా, తాబేలు తింతావా? సిన్నప్పుడు శ్రీకూర్మం తీస్కెళ్తే అక్కడి తాబేళ్లకి ఆకులు పెట్టినావు గదరా!" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. తినడం మాత్రం తిన్నాను.

ఇది చదివి మన గోదావరి కాలవల్లో ఎవరూ ప్రయత్నించొద్దు. మన చెరువుల్లో దొరికే మెత్తని చిప్ప తాబేలు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. పట్టుకున్నా, అమ్మినా తక్కువలో తక్కువ మూడేళ్లు జైలు. నేను చెప్పేదంతా లైసెన్సుతో అనుమతి ఉన్న అమెరికా రాష్ట్రాల సంగతి.

స్నాపింగ్ తాబేలుకు కింది చిప్ప చాలా చిన్నది. మిగతా తాబేళ్లలాగా తలా కాళ్లూ లోపలికి ముడుచుకుని దాక్కోలేదు. అందుకే గట్టు మీద ఎదురుపడితే కరవడానికే చూస్తుంది. మెడ ఎంత పొడుగు సాగుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది, చిప్ప పక్కన పట్టుకున్న చేతిని కూడా అందుకుంటుంది. పెద్దవి సాధారణంగా ఐదు నుంచి పదిహేను కిలోల దాకా తూగుతాయి. "ఉరుము ఉరిమితే గాని వదలదు" అని అక్కడి పల్లెల్లో ఒక మాట ఉంది. మన ఉడుము పట్టులాగా అదీ కాస్త పెంచి చెప్పిన మాటే.

ఇక పట్టే పద్ధతులు. మూడు నాలుగు ఇనుప రింగులకు వల చుట్టి, ఒక చివర గరాటులాంటి నోరు పెడితే ఒక బోను తయారవుతుంది. కొల్లేరులో వేసే మావు చూసినవాళ్లకు కొత్తగా వివరించక్కర్లేదు, లోపలికి వెళ్లడం తేలిక, బయటికి రావడం కష్టం. ఎరగా చేప తలకాయలు, కోడి వ్యర్థాలు. మా పెద్దాయన సార్డిన్ చేపల డబ్బాకు మేకుతో రెండు చిల్లులు కొట్టి వేలాడదీస్తాడు, నూనె మెల్లగా నీళ్లలోకి దిగుతూ వాసన పట్టిస్తుంది. జమ్ము గడ్డి అంచున సాయంత్రం వేసి పొద్దున్నే తీయాలి. ఈ మావుకు ఒకటే పెద్ద షరతు: పై భాగం నీళ్ల మీదికి తేలి ఉండాలి. తాబేలు ఊపిరి పీల్చుకోవాలి కదా.

రెండో ఏడాది నేను సొంతంగా వేసిన మావు రాత్రి వానకు మునిగిపోయింది. పొద్దున చూస్తే లోపల పది అంగుళాల పిల్ల తాబేలు చచ్చి ఉంది. ఆ రోజు ఇంకేం చేయబుద్ధి కాలేదు. విచిత్రం ఏమిటంటే, ఇదే జంతువు చలికాలంలో మంచు గడ్డ కింద, ఒక్కసారి కూడా పైకి రాకుండా నెలల తరబడి బతుకుతుంది. ఆ చల్లటి నీళ్లలో దాని ఒళ్లు దాదాపు ఆగిపోయినట్టు నడుస్తుంది. జులై వెచ్చటి నీళ్లలో అలా కాదు, కొన్ని గంటలు చాలు. అప్పటినుంచి మావులో పైరింగు పక్కన రెండు ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు బెండులుగా కడుతున్నాను. నీరు ఎంత పెరిగినా అవి పైకి లేపుతాయి.

గాలం చాలా చవక. మందపాటి తాడు, పెద్ద కొక్కెం, గట్టి మాంసం ముక్క, కట్టడానికి ఒక చెట్టు కొమ్మ. పది గాలాలకు కలిపి ఒక మావు ఖర్చు కూడా కాదు. చాలామంది కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెడతారు. నా మట్టుకు నేను దీనికి ఒప్పుకోను. కారణం ఒక్కటే, కొక్కెం మింగిన తాబేలును వదిలిపెట్టడమంటే వదిలినట్టు కాదు. తాడు కోసి నీళ్లలోకి పంపిస్తే అది బతుకుతుందన్న భరోసా లేదు. పైగా మర్చిపోయిన గాలం, మనం ఇంట్లో టీవీ చూస్తున్నా అక్కడ పని చేస్తూనే ఉంటుంది.

చేత్తో పట్టడం గురించి చెబితే ఎవరూ నమ్మరు. మొలలోతు నీళ్లలో దిగి, గట్టు కింద గుంతల్లో, పడిపోయిన దుంగల కింద, చేతులు పెట్టి తడుముతారు. స్నాపింగ్ తాబేలు చిప్పకు వెనక అంచు రంపంలా పళ్లు పళ్లుగా ఉంటుంది, ముందు వైపు నున్నగా ఉంటుంది. వేళ్లకు రంపం తగిలిందా, తోక అటే ఉంది, సరే. నున్నగా తగిలిందా, చెయ్యి వెనక్కి తీసేయాలి, వెంటనే. మా పెద్దాయనకు ఇది చిన్నప్పటి విద్య. నేను ఒక్కసారి దిగాను. దుంగ కింద ఏదో మెత్తగా, బొచ్చుగా తగిలింది, నీటి ఎలుక అయ్యుంటుంది. ఆ తరువాత గట్టు మీదే ఉండి ఆయన బట్టలకు కాపలా కాశాను.

చలి మొదలయ్యాక ఇంకో పద్ధతి ఉంది. ఊటలు ఉన్న చోట బురదలో ఇనుప చువ్వతో పొడుచుకుంటూ పోతారు. రాయికి తగిలితే ఒక చప్పుడు, చిప్పకు తగిలితే డొల్లగా వేరే చప్పుడు. చువ్వ చివరి కొక్కేన్ని అంచు కింద దూర్చి లాగుతారు. నిద్రలో ఉన్నది కాబట్టి కరవదు, పొట్ట కూడా ఖాళీగా, శుభ్రంగా ఉంటుంది. ఇవి దాని లాభాలు. నష్టం ఏమిటంటే అవి చలికాలానికి ఒక్కోసారి ఒకే చోట గుంపుగా చేరతాయి. ఆ చోటు తెలిసిన ఒక్క మనిషి ఒక్క మధ్యాహ్నంలో మొత్తం కుంటను ఖాళీ చేయగలడు.

న్యూయార్క్ రాష్ట్రంలో మాత్రం తంతు వేరు. జులై 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా, రోజుకు 5, సీజన్‌కు 30. వీపు చిప్ప 12 అంగుళాలకు తగ్గకూడదు. మావు వేయకూడదు, తుపాకీతోనో బాణంతోనో కొట్టాలి. నీళ్లపైన ముక్కు మాత్రమే కనిపించే జంతువు వీపు 12 అంగుళాలు ఉందో లేదో తుపాకీ గొట్టం మీదుగా ఎలా కొలుస్తారో నాకైతే అర్థం కాలేదు.

నేను కొలత గురించే ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. కెనడాలోని ఆల్గాంక్విన్ పార్కులాంటి చల్లటి చోట్ల ఆడ తాబేలు మొదటిసారి గుడ్డు పెట్టడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఏటా ఇరవై ముప్ఫై గుడ్లు పెట్టినా, రకూన్లనే చిన్న అడవి జంతువులూ నక్కలూ తవ్వి తినగా మిగిలేవి ఎన్నో లెక్కలోకి రావు. అంటే ఈ జాతి నిలబడేది గుడ్ల మీద కాదు, ముసలివాటి మీద. మిషిగన్‌లో ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు 1994లో ఒక లెక్క వేశారు. పదిహేనేళ్లు దాటిన తాబేళ్లలో ఏడాదికి అదనంగా నూటికి పది పోతే చాలు, ఇరవై ఏళ్ల లోపే పెద్ద తాబేళ్ల సంఖ్య సగానికి పడిపోతుంది. ఆల్గాంక్విన్‌లోనే 1980ల చివర్లో నీటికుక్కలు చాలా వాటిని చంపాయి. ఆ లోటు దశాబ్దాలు గడిచినా పూడలేదు. ఆ పార్కు ఉన్న ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం 2017లో వేట పూర్తిగా ఆపేసింది. నేను అక్కడ ఉండి ఉంటే నాకూ అభ్యంతరం ఉండేది కాదు.

విస్కాన్సిన్ లెక్క నాకు నచ్చుతుంది. 12 అంగుళాలకు తక్కువున్నవీ, 16 దాటినవీ ముట్టుకోకూడదు. చాలా నీళ్లలో ఒకరి దగ్గర 3 మించి ఉండకూడదు. ఈ నియమం పాటించాలంటే పట్టిన దాన్ని దెబ్బ తగలకుండా కొలిచి, కాదనుకుంటే వదిలే వీలుండాలి. ఆ వీలు మావుకు ఉంది, చేతికి ఉంది. గాలానికీ తుపాకీకీ లేదు. చెయ్యి అందరికీ సాధ్యం కాదు గనక నా ఓటు మావుకే, బెండులు కట్టి, రోజూ పొద్దున చూసుకునే ఓపిక ఉంటేనే సుమా. ఆ ఓపిక లేనివాళ్ల చేతిలో మావు గాలం కంటే కూడా చెడ్డది. ఎత్తేటప్పుడు తోక పట్టుకుని వేలాడదీస్తే వెన్నుపూస దెబ్బ తింటుంది, వెనక చిప్ప అంచు పట్టాలి.

వంటింట్లో కూడా ఇంకో పోటీ ఉంది. ముందు వారం పది రోజులు మంచి నీళ్ల తొట్టిలో ఉంచి, నీళ్లు మారుస్తూ ఉంటే బురద వాసన పోతుంది. తల తీసేశాక కూడా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, తెగిన తల చాలాసేపు కరవగలదు. అందుకని తలను వెంటనే లోతుగా పూడ్చేస్తారు. కోసిన బల్లా కత్తీ సబ్బుతో కడగాలి, తాబేళ్ల ఒంటి మీద కడుపు చెడగొట్టే సాల్మొనెల్లా క్రిమి మామూలే. ఫిలడెల్ఫియా వాళ్లు దీంతో చిక్కటి సూపు చేసి పైన షెర్రీ అనే వైను పోసుకుంటారు. పల్లెల్లో ఉడకబెట్టి, పిండిలో దొర్లించి వేపుతారు. వేపుడు నాకు రబ్బరు నమిలినట్టు ఉంది. సూపు మేలు. ఆ రెండింటికంటే కుక్కర్లో ఆరు కూతలు పెట్టి, మిరియాలు దంచి వేసిన ఇగురు మేలు, ఇందులో నేను నిష్పక్షపాతిని కానని ఒప్పుకుంటున్నాను.

కొవ్వు, కాలేయం, గుడ్లు మాత్రం తీసి పారేయాల్సిందే. ఫ్యాక్టరీల నుంచి నదుల్లో కలిసిన పీసీబీలనే విష రసాయనాలు చేరేది వాటిలోనే. న్యూయార్క్ ఆరోగ్య శాఖ 50 ఏళ్ల లోపు ఆడవాళ్లూ, 15 ఏళ్ల లోపు పిల్లలూ స్నాపింగ్ తాబేలు అసలు తినొద్దనే చెబుతుంది. మా ఇంట్లో అందుకే ఆ ఇగురు నా ఒక్కడికే.

పోయిన ఆగస్టులో మావులో ఒక పెద్దది పడింది. టేపు పెట్టి కొలిస్తే 17 అంగుళాలు, చిప్ప మీద నాచు పాకి ఉంది. ఇద్దరం వెనక అంచును చెరో వైపు పట్టి నీళ్లలోకి దింపాం. సాయంత్రం అమ్మకు చెప్పాను.

"వొదిలేసినారా?" అంది.

"వదిలేశాం."

"మరి కూర ఏటి వండుకున్నావు?"

"కోడిగుడ్లు."