ప్రైమవెరా పీ6: విశాఖ ఫ్లైఓవర్ పనులకు ఎంతవరకు అక్కరకొస్తుంది

ఏళ్ల తరబడి వాడాక మా మాట ఇది: పనులకు తేదీలు వేసి షెడ్యూల్ నడిపే ప్రైమవెరా పీ6 గట్టి సాఫ్ట్‌వేర్. కానీ విశాఖలో వంతెనలకు జాప్యం జరిగేది ఎక్కువగా పైలింగ్ రిగ్గు (పునాది పైల్స్‌కు గోతులు తవ్వే యంత్రం) దిగకముందే. ఆ ముందు పనులను షెడ్యూల్లోకి ఎక్కించినప్పుడే దీనికి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

చాలా షెడ్యూళ్లలో 'సైట్ అప్పగింత' అని ఒక్క మైల్‌స్టోన్ (ఘట్టం గుర్తు) ఉంటుంది, వ్యవధి సున్నా. 2013 భూసేకరణ చట్టంలో సెక్షన్ 11 నోటిఫికేషన్ నుంచి సెక్షన్ 19 డిక్లరేషన్‌కు 12 నెలలు, అక్కణ్ణుంచి అవార్డుకు (పరిహారం తేల్చే ఉత్తర్వు) మరో 12 నెలల గడువుంది. అదంతా ఆ సున్నాలోనే మునిగిపోతుంది. భూమి స్వాధీనాన్ని సర్వే నంబర్ల వారీగా విడగొట్టి, ఏ పియర్‌కు (వంతెన స్తంభం) ఏ నంబరు కావాలో దానికే ముడిపెట్టండి. ఏ వైపు నుంచి పని మొదలెట్టాలో షెడ్యూలే చెబుతుంది.

యుటిలిటీ షిఫ్టింగ్ (కేబుళ్లు, పైపులు పక్కకు మార్చడం) ఇంకా చిక్కు. 2014లో హుద్‌హుద్ వచ్చిపోయాక నగరంలో చాలాచోట్ల కరెంటు కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. వాటి పక్కనే మంచినీటి లైన్లు, డ్రైనేజీ. డ్రాయింగులో గీసిన చోటే కేబుల్ ఉంటుందని నమ్మి రిగ్గు దించొద్దు. ప్రతి పైల్‌క్యాప్ (పైల్స్ తలల మీద వేసే కాంక్రీటు దిమ్మ) దగ్గరా కూలీలతో చేత్తోనే ట్రయల్ పిట్ (కింద ఏముందో చూసే గొయ్యి) తవ్వించాలి, పైల్‌క్యాప్ అంచు దాటి రెండు వైపులా ఇంకో మీటరు దాకా. షెడ్యూల్లో దీన్ని నాలుగు యాక్టివిటీలుగా (విడి పనులుగా) రాయండి: ట్రయల్ పిట్, శాఖ ఎస్టిమేటు–డిపాజిట్ (లైను మార్చడానికి ఆ శాఖ వేసిన అంచనా సొమ్ము కట్టడం), కొత్త లైను వేసి పరీక్షించడం, పాత లైను తెంచడం. డిపాజిట్ దగ్గరే ఫైలు ఎక్కువగా నిలిచిపోతుంది కాబట్టి దానికి బాధ్యుడి పేరు తప్పక ఉండాలి.

ఏ పని ఏ రోజుల్లో జరుగుతుందో చెప్పే కేలండర్లు పీ6 అసలు బలం. పునాదులకు, మట్టిపనికి వానాకాలంతో పాటు అక్టోబర్, నవంబర్ తుఫాన్ల రోజులూ తీసేసిన కేలండర్ పెట్టండి. సంక్రాంతికి ఊళ్లకెళ్లిన కూలీలు అనుకున్న రోజుకు తిరిగిరారు, అదీ లెక్కలో ఉండాలి. క్యూరింగ్‌ను (కాంక్రీటును తడిగా ఉంచి గట్టిపడనివ్వడం) లాగ్‌గా (lag, రెండు పనుల మధ్య ఆగే వ్యవధి) ఇవ్వకండి. లాగ్ మామూలుగా ముందు పని కేలండర్‌నే పట్టుకుంటుంది. వారానికి ఆరు రోజుల కేలండర్‌లో 14 రోజుల లాగ్ కనీసం 16 రోజులవుతుంది, కాంక్రీటుకేమో ఆదివారం సెలవు లేదు. దాన్ని ఏడు రోజుల కేలండర్‌తో విడి యాక్టివిటీ చేయాలి.

డ్యూరేషన్ పర్సెంట్‌ను (గడిచిన రోజులను బట్టి లెక్కేసే పని శాతం) నమ్ముకోవద్దు. 30 రోజుల పనిలో మిగిలింది 10 అని కొడితే 67 శాతం అయినట్టు చూపిస్తుంది, సైట్లో సగం కాంక్రీటు పడకపోయినా సరే. ఫిజికల్ పర్సెంట్‌కు (నిజంగా అయిన పని శాతం) మార్చి, కొలతల పుస్తకంలోని పరిమాణాలతో నింపండి.

మాండేటరీ ఫినిష్ (ముగింపు తేదీని కదలకుండా బిగించే నిబంధన) జోలికి వెళ్లొద్దు. ప్రారంభోత్సవం తేదీని అలా బిగిస్తే ముందు పనులు ఎంత జారినా ఆ తేదీ కదలదు, తర్వాతి పనులన్నీ సకాలానికే అయిపోతున్నట్టు కనిపిస్తాయి. 'ఫినిష్ ఆన్ ఆర్ బిఫోర్' (ఆ తేదీకల్లా ముగియాలి) పెడితే నెగటివ్ ఫ్లోట్ (గడువుకు ఎన్ని రోజులు వెనకబడ్డామో చెప్పే అంకె) బయటపడుతుంది. సమీక్షలో అధికారులు చూడాల్సిన అంకె అదే.

షెడ్యూల్ నడిపాక సాఫ్ట్‌వేర్ రాసే లాగ్ ఫైలు (log, నివేదిక) తెరిచి, ముందో వెనకో లంకె లేని పనులేవో చూడండి. మొదటిదీ చివరిదీ తప్ప ఇంకేవీ ఉండకూడదు.

చిన్న కాలువకో, రెండు కిలోమీటర్ల రోడ్డుకో ఎక్సెల్ చాలు. పెద్ద పనికైతే పీ6 కొనండి, గడువు పొడిగించిన ప్రతిసారీ కొత్త బేస్‌లైన్ (పోల్చి చూసేందుకు దాచే ఆమోదిత షెడ్యూల్) వేసినా మొదటిదాన్ని మాత్రం చెరపకండి. జాప్యం ఏ పనిలో పుట్టిందో తేల్చడానికి ఆ మొదటి తేదీలే ఆధారం.