తీసుకోవడానికి 2 నిమిషాలు, మానడానికి 26 రోజులు: ఒక రీటచ్ సాఫ్ట్‌వేర్‌తో రెండేళ్లు

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, ప్రీ వెడ్డింగ్ షూట్లు చేస్తాం. ఒక్కో పెళ్లికి నాలుగైదు వేల ఫొటోలు వస్తాయి. అందులో కళ్లు మూసుకున్నవి, షేక్ అయినవి తీసేసి, మిగతావాటికి కలర్ సరిచేసి, ముఖాలు రీటచ్ చేసే ఏఐ సాఫ్ట్‌వేర్ ఒకటి 2023 డిసెంబర్‌లో తీసుకున్నాను. మొన్న డిసెంబర్ దాకా రోజూ వాడాం.

ఫొటోలు ఏరడంలో దానికి వంక పెట్టలేను. మా డిజైనర్ కుర్రాడికి రెండు రోజులు పట్టే పని రెండు గంటల్లో అయిపోయేది. షామియానా కింద ముఖాలకు పట్టే రంగు కూడా బాగా తీసేది. మన పెళ్లి దానికి అర్థం కానిది రీటచ్ దగ్గరే. పెళ్లికూతురి బుగ్గచుక్కను మచ్చ అనుకుని చెరిపేసేది. తలంబ్రాల ఫొటోల్లో చెంపకు అంటుకున్న పసుపు బియ్యపు గింజలదీ అదే గతి. ఒకసారి తెనాలి పెళ్లి ఆల్బమ్ ప్రింటుకు పంపబోతుంటే అమ్మాయి వాళ్లమ్మగారు చూసి, "బుగ్గచుక్క ఏదండీ?" అన్నారు. నలభై షీట్లు మళ్లీ తెరిచి, ఒక్కో ఫొటోలో చుక్క తిరిగి పెట్టాం. అప్పటి నుంచి దగ్గర నుంచి తీసిన ఫొటోలకు రీటచ్ చేత్తోనే చేస్తున్నాం. ఒక్క ఏరడానికి అంత డబ్బు ఎందుకని ఈసారి రెన్యువల్ వద్దనుకున్నాను.

ధర నెలకు 599 రూపాయలని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ఏడాదిది ఒకేసారి కట్టాలని, అంటే 7,188 అని, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 8,481 రూపాయల 84 పైసలని తెలిసేది చివరి పేజీలో. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టాను, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఏటేటా ఆటోపేకి, అంటే అకౌంట్ నుంచి డబ్బు దానంతట అదే కట్ అవడానికి ఒప్పుకున్నదీ ఆ పిన్‌తోనే.

రెన్యువల్ డిసెంబర్ 14న. నేను 10వ తేదీ రాత్రి షాపు మూసే ముందు రద్దు చేద్దామని కూర్చున్నాను. ఫోన్ యాప్‌లో ఎంత వెతికినా ఆ ఆప్షన్ లేదు. కంప్యూటర్‌లో వెబ్‌సైట్ తెరిచి లాగిన్ అయితే, బిల్లింగ్ పేజీలో అట్టడుగున దొరికింది. నొక్కగానే ఎందుకు వెళ్తున్నారని అడిగింది. చెప్పాను. తర్వాతి పేజీలో మేము రెండేళ్లలో చేసిన ఫొటోల లెక్క చూపించి, మీ సెట్టింగులన్నీ పోతాయని ఎర్ర అక్షరాలతో హెచ్చరిక. ఆ తర్వాత మూడు నెలలు ఫ్రీ అని ఆఫర్. దాని కింద పెద్ద నీలం బటన్ మీద "ప్లాన్ కొనసాగిస్తాను" అనే అర్థం వచ్చే మాట. అసలు కావలసింది దాని కింద బూడిద రంగులో, బటన్‌లా కాకుండా అడుగున గీత గీసిన మామూలు అక్షరాల్లో ఉంది: "నా పని నెమ్మదిగా సాగినా పర్వాలేదు, వెళ్తాను." అది నొక్కాక, మీ రిక్వెస్ట్ అందింది, థాంక్యూ అని పచ్చ టిక్కు మార్కు వచ్చింది. అయిపోయిందనుకుని కంప్యూటర్ ఆపేశాను.

నిజానికి కాలేదు. ఆ టిక్కు కింద చిన్న అక్షరాల్లో, మెయిల్‌కి పంపిన లింకును 24 గంటల్లో నొక్కితేనే రద్దు అవుతుందని ఉందట. ఆ మెయిల్ ప్రకటనలు చేరే ప్రమోషన్స్ ఫోల్డర్‌లో పడి ఉంది. 13న కొండవీడులో షూట్‌లో ఉండగా రేపు డబ్బు కట్ అవుతుందని మెసేజ్ వచ్చింది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 24 గంటల ముందు ఈ మెసేజ్ రావాలి, 15,000 దాకా మళ్లీ పిన్ అడగక్కర్లేదు. రద్దు చేశాను కదా అని పట్టించుకోలేదు. మర్నాడు మా కుర్రాడే చెప్పాడు, "అన్నా, ఎనిమిది వేలు కట్ అయ్యాయి" అని.

మెయిల్ చూసుకోవాల్సింది నువ్వే కదా అని ఒకరిద్దరు ఫ్రెండ్స్ అన్నారు. నేను ఒప్పుకోను. కొనేటప్పుడు ఏ మెయిల్ లింకూ నొక్కమనలేదు. మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30నే 13 రకాల మోసపు డిజైన్లను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. రద్దును కష్టంగా, పొడుగ్గా చేయడం, ఆ ఆప్షన్ దాచిపెట్టడం అందులో "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" కిందికి వస్తాయి. నా పని నెమ్మదిస్తుందని రాసి సిగ్గుపెట్టడం కూడా ఆ జాబితాలో ఉంది. అమెరికాలో ప్రైమ్ సభ్యత్వం విషయంలో ఇలాంటి ఆరోపణల మీదే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, అమెజాన్ 2025 సెప్టెంబర్‌లో 250 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకుంది. కాబట్టి ఇది కస్టమర్ పరాకు అని ఎవరూ తీసిపారేయకండి.

రిఫండ్ అడిగితే చాట్‌లో బాట్ ఒకటే సమాధానం నాలుగుసార్లు ఇచ్చింది. మనిషి దొరికాక, డబ్బు ఇవ్వలేం, అంత విలువకు క్రెడిట్స్ వేస్తాం అన్నారు. మానేసే సాఫ్ట్‌వేర్‌లో క్రెడిట్స్ నాకెందుకు? వద్దన్నాను. ముందు ఫోన్‌లో యూపీఐ యాప్ తెరిచి, ఆటోపేలో ఆ మాండేట్, అంటే డబ్బు తీసుకోవడానికి నేనిచ్చిన అనుమతి, రద్దు చేశాను. ఇది 10వ తేదీనే చేసి ఉంటే డబ్బు కట్ అయ్యేదే కాదు. తర్వాత 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కాల్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదుకు డాకెట్ నంబర్ ఇచ్చి, స్క్రీన్‌షాట్లు జతచేయమన్నారు. ప్రమోషన్స్‌లో పడి ఉన్న మెయిల్, పచ్చ టిక్కు పేజీ, చాట్ మొత్తం పెట్టాను. పేజీలు మళ్లీ తెరిచి ఫొటో తీయాల్సి వచ్చింది, మీరైతే రద్దు చేస్తున్నప్పుడే తీసుకోండి.

జనవరి 5న 7,188 రూపాయలు అకౌంట్‌లో పడ్డాయి. పనితనానికి నాలుగు స్టార్లు ఇస్తాను, కొనమని మాత్రం తోటి స్టూడియోల వాళ్లకు చెప్పను. జీఎస్టీ కింద తీసుకున్న 1,293 రూపాయల 84 పైసలు ఇంకా రాలేదు. దానికి వేరే ఫిర్యాదు పెట్టాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు లేదు.